తెరకు ఇవతల నిలబడి

నేను నాటకాలు మానేశానన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. జాకెట్లకి లైనింగ్ గుడ్డ కొనుక్కుని శ్రీకాకుళం కాంప్లెక్సులో చీపురుపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే, శ్రీకాకుళం నాటక సమాజం దర్శకుడు ఎదురుపడ్డాడు. మా నాన్న వయసు మనిషి. ఆయన నన్ను చూసిన చూపే అదోలా ఉంది, జబ్బు మనిషిని చూసినట్టు.

"మానీసేవటమ్మా? ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగాడు.

నేను మానెయ్యడమేమిటి, ఎవరు చెప్పారు మీకు అన్నాను. మీ ఆయనే అన్నాడాయన. కొత్త నాటికలో వేషం కోసం నాకు రెండుసార్లు ఫోన్ చేశారట. మా ఆయన ఎత్తి, ఇక వెయ్యదండీ, ఇల్లు చూసుకుంటోంది అని చెప్పాడట. ఆ వేషానికి ఇంకా ఎవరూ కుదరలేదని కూడా ఆయనే చెప్పాడు. మళ్ళీ చెప్తానండీ అని అప్పటికి ఎలాగో అనగలిగాను గాని, బస్సెక్కి కూర్చున్నాక ఒళ్ళు మండిపోయింది.

మా లోకం గురించి ఒక ముక్క చెప్పాలి. పరిషత్తులంటే నాటికల పోటీలు. ఏదో ఒక ఊళ్ళో రెండు మూడు రోజులు జరుగుతాయి. సాయంకాలం మొదలుపెట్టి ఒకదాని తరవాత ఒకటి ఆడతారు. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. ఆఖరి రోజు బహుమతులు. సమాజాల్లో మగవాళ్ళు మేష్టర్లు, రైల్వేవాళ్ళు, బ్యాంకువాళ్ళు. సరదాకి వేస్తారు. ఆడవేషాలకి మాత్రం నాలాంటి వాళ్ళని బయటనుంచి పిలిపించి, ఇంత అని ఇచ్చి పంపిస్తారు. ఫోన్ మోగితేనే మాకు పని. ఆ ఫోన్ నంబరు దగ్గరే ఉంది అసలు చోద్యం. నిర్వాహకుల పుస్తకాల్లో ఆడ ఆర్టిస్టు పేరు పక్కన ఎక్కడ చూసినా మొగుడి నంబరే ఉంటుంది. పెళ్ళికానిదైతే అన్నదో, నాన్నదో. ఎవడు పెట్టాడో తెలియదు గాని, అదొక మర్యాదగా స్థిరపడిపోయింది. పెళ్ళయ్యాక మొదటిసారి నా నంబరు అడిగినప్పుడు నేను కూడా సిగ్గుపడుతూ ఆయన నంబరే ఇచ్చాను. నా బుద్ధి అలా ఏడిచింది.

ఆయన్ని నేను మొదట చూసింది ఒక నాటిక రిహార్సల్లో. అప్పటికి క్రిస్మస్‌కి మా చర్చిలో దేవదూత వేషాలు వేసిన అనుభవం తప్ప నాకు ఏమీ లేదు. ఆయన హీరో, నేను ఆయన మరదల్ని. ఆ నాటికలో బావా బావా అని పిలిచీ పిలిచీ, అది అయిపోయాక కూడా నోటికి అదే వచ్చేసేది. ఇప్పటికీ అలాగే పిలుస్తాను. నాటకం ఆడుతూ ఆడుతూ పెళ్ళి చేసుకున్నారని మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ సమానంగా తిట్టారు. తిడితే తిట్టారు, మేం మాత్రం హాయిగానే ఉన్నాం.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. స్టేజీ మీద మాట అందివ్వడం ఎలాగో నేర్పాడు. మన మాట ఆఖరి ముక్క ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి, అప్పుడే వాళ్ళ మాట లేస్తుంది. ఎదుటివాడి మాట పూర్తికాకుండా నోరు తెరవకూడదు, మన మాట మింగేసి వాళ్ళని గాలికి వదిలెయ్యకూడదు. సాయంత్రాలు నేను పొయ్యి దగ్గర ఉంటే ఆయన గుమ్మంలో కూర్చుని నాటిక కాగితాలు చూడకుండానే అందరి మాటలూ తనే అందించేవాడు, ఆడగొంతుతో అత్తగారి మాటలతో సహా. నవ్వలేక చచ్చేదాన్ని. ఆ రోజుల్లో ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో గుమస్తా. రిహార్సళ్ళకి సెలవులు పెట్టీ పెట్టీ ఆ ఉద్యోగం ఊడింది. తరవాత గ్యాస్ సిలిండర్ల బళ్ళ దగ్గర లెక్కలు రాసే పని. అది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. నేను జాకెట్లు కుట్టేదాన్ని. పెద్దగా ఏమీ లేకపోయినా ఇద్దరం ఒకే నాటికలో వేషాలు వేసిన ప్రతిసారీ పెళ్ళికి వెళ్తున్నట్టు ఉండేది.

మొదటిసారి ఉత్తమ నటి నాకొచ్చినప్పుడు ఆ షీల్డు భుజాన పెట్టుకుని స్టేషన్ దాకా నడిచాడు. రెండోసారి వచ్చినప్పుడు చేతిలో పట్టుకున్నాడు. మూడోసారి, నువ్వే పట్టుకో, నాకు చెయ్యి నొప్పి అన్నాడు. ఆయనకి ఒక్కసారీ రాలేదు. బాగా వేస్తాడు, అబద్ధం ఎందుకు, నాకంటే శుద్ధంగా వేస్తాడు. కానీ న్యాయనిర్ణేతలు ఎప్పుడూ ఇంకెవరి పేరో రాసేవారు. పేర్లు చదివే రోజున ఆయన మొహం వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ఆయన్ని అనేముందు నా సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఆయన పక్కన వేషానికి విజయనగరం అమ్మాయిని తెచ్చారు. తెల్లగా, సన్నగా, మాట తేనెలా ఉండేది. మూడు రోజులపాటు నేను పిలవని పేరంటానికి వెళ్ళినట్టు టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఆ రిహార్సల్‌కి వెళ్ళి, ఓ మూల కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతూ ఆ పిల్లని మింగేసేలా చూశాను. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసే చోటు వచ్చినప్పుడల్లా సూది వేలికి గుచ్చుకునేది. నాలుగో రోజు ఆ పిల్లే వచ్చి, అక్కా, ఆ సీను తీసెయ్యమని చెప్పమంటావా అంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత మళ్ళీ వెళ్ళలేదు. నేను ఏడిచాను గాని ఆయన వేషం పోగొట్టలేదు. తేడా అక్కడుంది.

ఆ రోజు బస్సు దిగి తిన్నగా ఇంటికొచ్చి, సంచీ కింద పెట్టకుండానే అడిగాను, నేను మానేశానని ఎవర్ని అడిగి చెప్పావు బావా అని. అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. శ్రీకాకుళం సమాజంలో హీరో వేషాలు వేసే ఆయన పేరు ఎత్తి, వాడితో నువ్వు వెయ్యడం నాకిష్టం లేదు అన్నాడు. వాడు నీ చెయ్యి పట్టుకునే తీరు చూశాను, నాటికలో రాసినంతసేపే పట్టుకోవాలి, వాడు వదల్డం లేదు అన్నాడు. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఆ మనిషి ఒక బ్యాంకులో పని చేస్తాడు. చెయ్యి పట్టుకునే సీనుకి ముందు పక్కకి వచ్చి, ఏమనుకోకండి మేడమ్ అని ప్రతిసారీ చెప్పుకునే రకం. ఆయన మీద అనుమానపడేంత తీరిక మా ఆయనకి ఎలా దొరికిందో.

"నాను మాననని సెప్పు," అన్నాను. "నువ్వే ఫోన్ సేసి సెప్పు."

సెప్పనన్నాడు. అయితే నేనూ ఊరుకోనన్నాను. అప్పటికి విజయనగరం పరిషత్తు నాలుగు రోజుల్లో ఉంది. మా సొంత సమాజం నాటిక, అందులో మేమిద్దరం మొగుడూ పెళ్ళాలం. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడకుండా, రిహార్సల్లో మాత్రం ఏమండీ, ఏమే అనుకున్నాం. పొయ్యి దగ్గర మాట అందించడం ఎప్పుడో ఆగిపోయింది. నా భాగం నేనే గోడకి చెప్పుకున్నాను. ఈసారి వేషం బ్రహ్మాండంగా ఉందని, దీంతో శ్రీకాకుళం వాళ్ళకి నా సంగతి నేనే తెలియజెప్పొచ్చనీ అనుకున్నాను. వాళ్ళు కూడా చూడ్డానికి వస్తున్నారని మా దర్శకుడు చెప్పాడు.

ఆ నాటికలో మొగుడు పెళ్ళానికి చెప్పకుండా ఇంటిస్థలం అమ్మేస్తాడు. ఆఖరి సీనులో ఆమె నిలదీస్తే, "ఈ ఇంట్లో నీదంటూ ఏముంది?" అని అరుస్తాడు. అప్పుడు నాకు రెండు పేజీల మాట. నాటిక ప్రాణమంతా అందులోనే ఉంది. అది అయ్యాక ఆయన కుర్చీలో కూలబడి "నన్ను క్షమించు" అనాలి. ఆ మాట వినగానే తెర లాగేవాడు తాడు లాగుతాడు. ఇదీ ఏర్పాటు.

ఆ సాయంత్రం మాది మొదటి నాటిక. జనం బాగా వచ్చారు. ఆఖరి సీను దాకా అంతా నున్నగా నడిచింది. నిలదీశాను. ఆయన నాకేసి తిరిగాడు. నోరు తెరిచాడు. నేను ఊపిరి పట్టుకుని ఆ అరుపు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన అరవలేదు. ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి, వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చుని, మెల్లగా "నన్ను క్షమించు" అన్నాడు.

రెండు పక్కలనుంచీ తెర కదిలింది. తాడు దగ్గరున్న మనిషి తప్పేం లేదు, అతనికి చెప్పిన మాట అతను విన్నాడు, లాగాడు. నా రెండు పేజీలూ నా గొంతులోనే ఉన్నాయి. క్షమించమని అడిగి పెళ్ళాం నోరు నొక్కిన మొగుడు లోకంలో ఈయనొక్కడే అయివుంటాడు. నాకు ఏడుపు రాలేదు. ఏం ఆలోచించానో కూడా తెలియదు. మూడు అడుగులు ముందుకి వేశాను. తెర నా వీపుని రాసుకుంటూ వెనకాల మూసుకుంది. మైకులు లోపలే ఉండిపోయాయి. జనం చప్పట్లు మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశారు.

"ఈ ఇంట్లో నాదంటూ ఏముందని మీరు అడగలేదు," అన్నాను. "అడగకపోయినా చెబుతాను."

ఆ మొదటి మాట నాటికలో లేదు, నాదే. తరవాతిదంతా రాసినదే, ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను. మా నాన్న నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసేవాడు. ఆ ఎండలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అన్నం తెచ్చానని అరిచి పిలిచిన గొంతు నాది. మైకు లేకపోతే నాకేం? ఆఖరి వరస దాకా వినబడాలని చెప్పాను, వినబడింది. చెప్పడం అయ్యాక ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడ్డాను. తెర మధ్యలో సందు ఎక్కడుందో కనబడలేదు. చివరికి స్టేజీ పక్క మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడిచి, వెనకవైపు గదికి వెళ్ళాను. ఆ నడిచినంతసేపూ చప్పట్లు ఆగలేదు.

గదిలో మాత్రం నా మీద విరుచుకుపడ్డారు. తెర పడ్డాక మాట్లాడ్డం ఏం పద్ధతమ్మా, తెర పడితే నాటిక అయిపోయినట్టు లెక్క, ఆ తరవాతది న్యాయనిర్ణేతలు చూడరు, మొత్తం పాడుచేశావు అని మా దర్శకుడు తల పట్టుకున్నాడు. మరి మాట మింగేసిన మనిషిని ఎవరూ ఏమీ అనరేం? ఆయన ఓ మూల కూర్చుని, మర్సిపోనాను అన్నాడు. పోనీలేవయ్యా, ఎంతటివాడికైనా అవుతుంది అని ఆయన వీపు తట్టి టీ ఇచ్చారు. ఆయన మర్చిపోవడమా! నాటికలో అందరి మాటలూ గుమ్మంలో కూర్చుని అప్పచెప్పిన మనిషి! అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. బయటపెట్టలేదు. పద్ధతి గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని మాత్రం అందరికీ వినబడేలా చెప్పి రంగు కడుక్కున్నాను.

అనుకున్నట్టే నాకు ఆ ఏడు అక్కడ ఏమీ రాలేదు. ఎవరో ఫోన్లో తీసి నాటకాలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే, కొందరు మెచ్చుకున్నారు, కొందరు పొగరు అన్నారు. పొగరే. కాదని నేనెప్పుడన్నాను?

ఆట ఆడిన మర్నాడు పొద్దున్న విజయనగరం స్టేషన్లో బల్ల మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యలో మేకప్ పెట్టె. పాసింజరు ఆలస్యం. ఆయనే ముందు నోరు విప్పాడు.

"నాను మర్సిపోలేదు," అన్నాడు.

తెలుసన్నాను.

"ఆడి మీద కాదే నాకు కుళ్ళు. నీ మీదే. నువ్వు నోరిప్పితే నన్నెవుడూ సూడ్డు."

నాలుగు రోజులుగా దాచుకున్న తిట్లన్నీ ఆ ఒక్క మాటతో ఎటో పోయాయి. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఎందుకంటే ఇప్పుడు నేను కరిగిపోయి, సరేలే బావా, మానేస్తాలే అనాలి కాబోలు! కథల్లో అలాగే అంటారు. నాకూ ప్రేమ ఉంది. ఈ మనిషి లేకుండా నేను ఉండలేను. అది ఒక్కనాడూ దాచుకోలేదు. కానీ నా వేషం తీసి ఆయన కాళ్ళ దగ్గర పెడితేనే అది ప్రేమ అంటే, అలాంటి ప్రేమ నాకు చేతకాదు.

"ఫోన్ ఇలాగియ్యి," అన్నాను.

ఇచ్చాడు. ఆయన పక్కన ఉండగానే శ్రీకాకుళం దర్శకుడికి చేసి, నేనేమీ మానలేదండీ, ఆ వేషం ఇంకా ఉంటే నేనే వేస్తాను, ఇకనుంచి ఈ నంబరుకి చెయ్యకండి, నాది రాసుకోండి అని ఒక్కొక్క అంకె చదివి చెప్పాను. రాత్రి నువ్వు తెర ముందు చెప్పిందంతా విన్నానమ్మా, వేషం నీకే ఉంచాను అన్నాడాయన. ఫోన్ తిరిగి ఇచ్చేసరికి మా ఆయన పట్టాలకేసి చూస్తున్నాడు.

శ్రీకాకుళం వాళ్ళ నాటిక వాళ్ళ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. నేను ఒక్కదాన్నే సంచీ సర్దుకుని వెళ్ళాను. ఆయన రాలేదు. వస్తాడేమోనని ముందు వరసలో ఒక కుర్చీ ఉంచమని నిర్వాహకుల్ని బతిమాలుకున్నాను. నాటిక అంతా అది ఖాళీగానే ఉంది. బ్యాంకు ఆయన, ఏమనుకోకండి మేడమ్ అని చెయ్యి పట్టుకున్నాడు, పాపం, చెమటలు పట్టాయి. బాగానే ఆడాం. కానీ ఆ కుర్చీ నా కళ్ళలోనే మెదిలింది.

పొద్దున్నే ఇంటికి వస్తే ఆయన బియ్యం కడుగుతున్నాడు. ఎలా ఆడావని అడిగాడు. బాగా ఆడానన్నాను. మరి వాడో అన్నాడు. ఆయనా బాగానే ఆడాడన్నాను. బియ్యం నీళ్ళు వంపుతూ ఆగిపోయాడు.

"నాను రాలేనే," అన్నాడు. "నీకు సప్పట్లు కొడతంటే సూడలేను. కుళ్ళిపోతాను."

సంచీ అక్కడే పడేశాను.

"కుళ్ళిపో. ఎవులొద్దన్నారు? ఆ పిల్లతో నువ్వు ఏసినప్పుడు నాను కుళ్ళలేదా? ఇంట్లో కూసుని కుళ్ళితే నాకు కనబడదు. ముందు వరసలో కూసుని, నా ఎదురుగా కుళ్ళు."

అన్నం ఉడికింది, తిన్నాం. చెయ్యి కడుక్కుంటూ, మళ్ళీ ఎప్పుడు ఆట అని అడిగాడు. ఆదివారం, పరిషత్తులో అన్నాను.

ఆదివారం నేను స్టేజీ మీదకి వచ్చేసరికి ఆయన ముందు వరసలో ఉన్నాడు. చేతులు కట్టుకుని, ముఖం మాడ్చుకుని, న్యాయనిర్ణేతల పక్కన. బ్యాంకు ఆయన నా చెయ్యి పట్టుకున్నప్పుడు దవడ బిగించాడు. నా ఆఖరి మాటకి హాలంతా చప్పట్లు కొడితే ఆయన కొట్టలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. ఆ రోజు ఆడినట్టు నేను ఎప్పుడూ ఆడలేదు.